కోనసీమ మ్యాపులో కొబ్బరితోటలే గట్లయితే: క్యూజీఐఎస్ రివ్యూ

నమస్తే అండి. ఈరోజు రివ్యూ మ్యాపులు గీసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ మీద. ఉచితంగా దొరుకుతుంది. ధవళేశ్వరం బ్యారేజీ దిగువ నుంచి అంతర్వేది దాకా డెల్టాకి భూవిజ్ఞాన మ్యాపులు చెయ్యడానికి సరిపోతుందా అంటే, సరిపోతుందండి. మ్యాపు తప్పుపోయేది ఎక్కువగా మనం దానికి వేసే మేత, అంటే డేటా, వల్ల.

స్క్రీన్ మీద ఈ ఎత్తుల లేయర్ చూడండి. ఎస్‌ఆర్‌టీఎం, అంటే స్పేస్ షటిల్ నుంచి రాడార్‌తో కొలిచిన ఎత్తులు, 30 మీటర్ల పిక్సెల్. అమలాపురం చుట్టూ గట్లలా లేచినవి కనబడుతున్నాయా? అలాగే గీసేశారో, మునిగారే. 2000 ఫిబ్రవరిలో షటిల్ రాడార్ కొలిచింది చాలాచోట్ల నేలని కాదు, కొబ్బరితోట నెత్తిని. పక్కన వరిచేను చదునుగా ఉంటుంది కాబట్టి తోట హద్దులో ఉన్నట్టుండి మెట్టు వచ్చేస్తుంది. అసలు చిక్కు ఏంటంటే, పాత సముద్రతీరాలు వదిలేసి వెళ్ళిన ఇసుక మెరకలు ఇక్కడ నిజంగానే ఉన్నాయి, వాటి మీదా తోటలే. విడదీయాలంటే ఉపగ్రహ చిత్రం పక్కన పెట్టుకోండి. మెరక తీరం వెంబడే వంపు తిరిగి కిలోమీటర్ల కొద్దీ సాగుతుంది. తోటయితే కాలవగట్టు దగ్గరో, చేనిగట్టు దగ్గరో కత్తితో కోసినట్టు ఆగిపోతుంది. చెట్ల ఎత్తు తీసేసిన ఇంకో ఎత్తుల లేయర్ ఫ్యాబ్‌డెమ్ కొంత నయం. దాంతోనైనా ఒక మీటరు తేడాతో కాంటూర్లు (సమాన ఎత్తు గీతలు) మాత్రం గీయకండి, అంత నిక్కచ్చి అందులో లేదు.

ప్రొజెక్షన్‌కి (గుండ్రటి భూమిని చదును కాగితం మీదికి తెచ్చే పద్ధతి) యూటీఎం 44 ఉత్తరం, కోడ్ 32644. ఇందులో కొలతలు మీటర్లలో ఉంటాయి. డెల్టా మొత్తం అందులోకే వస్తుంది. డిగ్రీల్లో ఉన్న లేయర్‌కి 500 మీటర్లనుకుని 500 బఫర్ (చుట్టూ అంత దూరం పట్టీ) కొడితే పాపం అది 500 డిగ్రీలనే అనుకుంటుంది. సర్వే ఆఫ్ ఇండియా పాత టోపోషీట్ స్కాన్‌తో ఇంకో గొయ్యి ఉంది. దాని అక్షాంశాలు, రేఖాంశాలు ఎవరెస్ట్ దీర్ఘగోళం (భూమి ఆకారానికి పాత లెక్క) మీదివి. వాటికి ఇప్పటి జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84 అని ముద్ర కొట్టేస్తే వశిష్ఠ ఒడ్డు వంద మీటర్లకు పైగా జరుగుతుంది. నది ఒడ్డు కోత లెక్కకట్టేవాళ్ళకి ఆ జరుగుడే కోతలా కనిపిస్తుంది!

మ్యాపు డేటా దాచుకోడానికి షేప్‌ఫైల్ అనే పాత ఫార్మాట్ వద్దండి. కాలమ్ పేరుకి 10 బైట్లే ఇస్తుంది. యూటీఎఫ్-8లో 'గ్రామం' అన్న చిన్న మాటకే 18 కావాలి. అక్షరాల ఎన్‌కోడింగ్ ఏదో చెప్పే, పక్కనుండే సీపీజీ ఫైలు కాపీ చెయ్యడం మర్చిపోతే ఊళ్ళ పేర్లన్నీ పిచ్చిగీతలు. జియోప్యాకేజ్‌లో ఈ గొడవ లేదు, ఒకటే ఫైలు. అయితే ఆఫీసు షేర్డ్ ఫోల్డర్‌లో పెట్టి నలుగురు ఒకేసారి ఎడిట్ చెయ్యబోతే లాక్ అయిపోతుంది. అక్కడ పోస్ట్‌జీఐఎస్ అనే డేటాబేస్ పెట్టుకోవాల్సిందే.

ఇక ప్రింటు. 15 నిమిషాల (పావు డిగ్రీ) షీటు 1:50,000లో ఇక్కడ సుమారు 53 సెంటీమీటర్ల వెడల్పు, 55 ఎత్తు వస్తుంది. ఏ1 కాగితం నిలువుగా పెడితే అటూ ఇటూ మూడేసి సెంటీమీటర్లు మిగులుతాయి, లెజెండ్‌కి కింద బోలెడంత చోటు. పీడీఎఫ్ తీసేటప్పుడు అక్షరాలని పాత్‌లుగా (గీతల బొమ్మలుగా) ఎగుమతి చెయ్యండి, లేకపోతే వేరే సాఫ్ట్‌వేర్‌లో తెరిచినప్పుడు ఒత్తులు ఊడిపోవచ్చు. అలా చేస్తే పేర్లు వెతకడం కుదరదు, అది ఒప్పుకోవాలి.

కాగితం చేతికొచ్చాక స్కేలు పెట్టి కొలవండి. కిలోమీటరు గడి సరిగ్గా 2 సెంటీమీటర్లు ఉండాలి. తగ్గిందా, ప్రింటర్‌లో 'ఫిట్ టు పేజ్' టిక్కు తియ్యలేదన్నమాట.