రాసియ్యి సార్

(అనంతపురంలో గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం. వేదిక మీద పెద్దలందరికీ ఒక్క నమస్కారంతోనే సరిపెట్టుకుంటున్నాను. ఇరవై నిమిషాలే ఇచ్చారు, చెప్పాల్సింది చాలా ఉంది.

కరపత్రంలో నా పేరు కింద "పుస్తక పఠనం – ప్రయోజనాలు" అని వేశారు. దాని మీదే రెండు పేజీలు రాసుకొచ్చినాను కూడా. అయితే పొద్దున ఇక్కడికి నడిచి వస్తూ ఉగ్గాని బండి దగ్గర ఆగినాను. బండి ఆమె నానిన బొరుగుల్ని రెండు చేతుల మధ్య పెట్టుకొని నీళ్లు పిండుతాంది. ఆ చేతులు చూసినాక ఆ రెండు పేజీలు జేబులోనే ఉండిపోయినాయి. అధ్యక్షులవారు మన్నించాల. చదువు గురించే చెప్తాను, కాకపోతే ఒకే ఒక్క చదువు గురించి.

నేను మునిసిపాలిటీలో ముప్పై మూడేళ్లు పనిచేసినవాణ్ణి. బిల్ కలెక్టరుగా చేరినాను. చివరి పదేళ్లు రోడ్ల మీద ఆక్రమణలు తీయించే పనిలో ఉన్నాను. సీమలో ఐదు ఊర్లు తిరిగినాను. ఇప్పుడు చెప్పేది ఆ ఐదింటిలో ఏ ఊర్లో జరిగిందో చెప్పను. అప్పుడు నాతో ఉన్నవాళ్లు ఇంకా ఉద్యోగాల్లో ఉన్నారు. వాళ్ల సంగతి వాళ్లు చెప్పుకుంటారు, నాది నేను చెప్పుకుంటాను.

2016 ఎండాకాలం. ఎవరో పెద్దవారు ఆ దారిన వస్తున్నారు, మధ్యాహ్నం లోపల బస్టాండు రోడ్డు ఖాళీ కావాలని పైనుంచి ఫోను. ట్రాక్టరు ఒకటి, పనివాళ్లు ఎనిమిదిమంది, నేను. టీ బండ్లు, పండ్ల బండ్లు ముందే కబురు తెలిసి సందుల్లోకి పోయినాయి. ఒక ఉగ్గాని బండి మిగిలింది. పొయ్యి మీద బాండ్లి, బాండ్లిలో కాగే నూనె, నూనెలో బజ్జీలు. అట్లాంటి బండిని తోసుకొని ఎక్కడికని పరిగెత్తుతుంది?

మా పిల్లోళ్లు బండి మీద చేయి వేసినారు. ఆమె అరవలేదు. "ఆగండి సామీ, నూనె కాగుతాంది, మీ కాళ్ల మీద పడుతుంది" అని ముందు గ్యాసు ఆపింది. బజ్జీలు దేవి ప్లేట్లో వేసింది. కొంగు చేతికి చుట్టుకొని బాండ్లి ఎత్తి, నూనెను డబ్బాలోకి వంచింది. ఒక్క చుక్క కింద పడలేదు. మేం తొమ్మిదిమందీ చూస్తా నిలబడినాం. అంతా సర్దినాక నా దిక్కు తిరిగి, "సార్, ఏమేం తీసకపోతాండారో రాసియ్యి సార్" అన్నది.

నా చేతిలో కాగితం లేదు, జేబులో పెన్ను ఉంది. "ఆఫీసుకు రామ్మా, అక్కడ మాట్లాడుదువు గానీ" అన్నాను. నానబెట్టిన బొరుగుల గంప కూడా ట్రాక్టరులోకే ఎక్కింది. సాయంత్రానికి ఆఫీసు వెనక ఆవరణలో పులిసిన వాసన.

మూడో రోజు వచ్చింది. అప్పటికే ఐదువందలు జరిమానా కట్టి రసీదు తెచ్చుకుంది. వెంట ఒక రేకు డబ్బా. అందులో ఆశీలు చీటీలు, దారంతో గుచ్చి కట్టలు కట్టినవి. రోజూ పొద్దున కాంట్రాక్టరు మనిషి వచ్చి ఆశీలు వసూలు చేసుకొని ఇచ్చిపోయిన చీటీలవి. "ఇన్నేండ్లు దుడ్లు తీసుకున్నారు గదా సార్, అప్పుడు యాడ కూచున్నావని అడగలేదే" అన్నది. నేను బదులు చెప్పలేదు. బండి చూపించినాం. రెండు మంటల స్టవ్వు స్థానంలో ఒంటి మంట స్టవ్వు ఉంది. "నాది ఇది కాదు సార్, నాది రెండుదాన్ది" అన్నది.

అప్పుడు నేనన్న మాట ఈ సభలో చెప్పాలనే ఇవ్వాళ నిలబడినాను. "ఆధారం ఏముందమ్మా?" అన్నాను.

ఆధారం నేనివ్వాల్సింది. మూడు రోజుల ముందు రోడ్డు మీద నిలబడి ఆమె అడిగింది ఆ ఆధారమే. రాయకపోయింది నేను, ఆధారం అడిగిందీ నేనే. ఆమె ఒంటి మంట స్టవ్వు తీసుకొని పోయింది.

2018లో రిటైరయినాను. పొద్దున పూట పేపర్లు చదువుకోవడానికి గ్రంథాలయానికి రావడం అలవాటయింది. ఒకరోజు చట్టాల పుస్తకాల వరసలో వీధి వ్యాపారుల చట్టం కనిపించింది. 2014 మే 1 నుంచి అమలులో ఉన్న చట్టం. 39 సెక్షన్లు. పెద్దదేం కాదు, నాలుగు రోజులు కూర్చుని చదివినాను. పంతొమ్మిదో సెక్షన్ దగ్గర చదవలేక పుస్తకం మూసి పెట్టినాను. వస్తువులు జప్తు చేసేటప్పుడు జాబితా రాయాల, జప్తు చేసినవాడు సంతకం పెట్టాల, నకలు వ్యాపారి చేతికివ్వాల అని ఉంది. అడిగిన రెండు పనిదినాల్లోపల సామాను తిరిగివ్వాల. చెడిపోయే వస్తువయితే అడిగినరోజే ఇయ్యాల. నేను బండి ఎత్తించేనాటికి ఈ మాటలు అచ్చయి రెండేళ్లు. బడికి పోని ఆమె అడిగింది, డిగ్రీ చదివిన నేను ఇయ్యలేదు.

అయ్యా, అమ్మా, చదువు వల్ల ప్రయోజనం అని మీరు వేసిన అంశం మీదే నేను మాట్లాడుతున్నాను. ఈ ఒక్క సెక్షన్ నేను ఆ బండి ఎత్తించే ముందే చదివి ఉంటే!

ఆ పుస్తకంలో ఇంకా ఉంది. ముందు సర్వే చేసి వ్యాపారులందరికీ సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవర్నీ లేపగూడదని మూడో సెక్షన్. సర్టిఫికెట్ ఇచ్చినాక లేపాలన్నా ముప్పై రోజుల ముందు నోటీసు. వీధి వ్యాపారాల సంగతి చూసే టౌన్ వెండింగ్ కమిటీలో నూటికి నలభైమందికి తగ్గకుండా వ్యాపారులే, అదీ వాళ్లు ఎన్నుకున్నవాళ్లే ఉండాల, అందులో మూడోవంతు ఆడవాళ్లు. జనాభాలో రెండున్నర శాతం లెక్కన చోటు చూపించేటట్టు ప్రణాళిక వేయాల. మన అనంతపురం నగర జనాభా 2011 లెక్కల్లో రెండు లక్షల అరవై వేల పైచిలుకు. అంటే అప్పటి లెక్కకే ఆరువేల ఐదువందల బండ్లకు చోటు. మాస్టర్ ప్లాన్ మ్యాపులు నేను ఏళ్ల తరబడి చూసినాను. ఇండ్లకు పసుపు రంగు, అంగళ్లకు నీలం రంగు. బండికి రంగు వేసిన మ్యాపు నా సర్వీసులో ఒక్కటి చూడలేదు. మ్యాపులో చోటు లేనిదాన్ని ఆక్రమణ అన్నాం.

ఇంట్లోనే నడిపే చిన్న వ్యాపారాల గతీ అంతే. వీధి వసారాలో పిండిమర పెట్టుకున్న ముసలాయన, ముందు గదిలో దోశ పెనం పెట్టుకున్న తల్లీకూతుళ్లు, వీళ్లు "నివాస ప్రాంతంలో వ్యాపారం" కిందికి వస్తారు. ట్రేడ్ లైసెన్సు ఉందా, ఫుడ్ రిజిస్ట్రేషన్ ఉందా అని పోయి నిలబడతాం. నా సర్వీసులో ఫుడ్ రిజిస్ట్రేషన్‌కు ఏడాదికి రుసుం వంద రూపాయలే. ఆ వంద కట్టించడానికి ఒక్కరోజు కూర్చుని ఫారం నింపిపెట్టిన ఉద్యోగిని నేను కాలేకపోయినాను. నోటీసు అంటించడానికి మాత్రం పోయినాను.

అదే పెద్ద బిల్డింగయితే? సెల్లారులో పార్కింగుకని ప్లాను చూపించి అంగళ్లు కట్టి బాడుగకిస్తారు. వాటికి నోటీసు, గడువు, మళ్లీ గడువు, తర్వాత కోర్టు స్టే. ప్లాను దాటి కట్టినవాటిని డబ్బు కట్టించుకొని క్రమబద్ధీకరించే బీపీఎస్ పథకం 2007 చివర ఒకసారి, 2015లో ఒకసారి, 2019లో మరోసారి వచ్చింది. ఆ బిల్డింగుల కార్లు రోడ్డు మీదే నిలబడతాయి. ఆ కార్ల పక్కన నిలబడిన బండికి మా ట్రాక్టరు వస్తుంది.

ఇక్కడ కూర్చున్నవాళ్లలో ఎంతమంది ఈ పొద్దు బండి దగ్గర టిఫిన్ తిని వచ్చినారు? చేతులెత్తండి. సిగ్గెందుకు, ఎత్తండి. చూసినారా సార్, సగానికి పైనే.

రూల్సు వద్దని నేననడం లేదు. ఆస్పత్రి గేటు ముందు బండి పెడితే అంబులెన్సు ఆగుతుంది. కాగిన నూనె, ఎంగిలి ప్లేట్లు కాలవలో వేస్తే వానాకాలం ఆ వీధే మునుగుతుంది. కళ్లు లేనాయన కర్ర పట్టుకొని నడవాలన్నా ఫుట్‌పాత్ ఉండాల. తీయాల్సిన బండి తీయాల్సిందే. బండి పెట్టుకొని బతకడం హక్కేనని, దానికి తగిన కట్టుబాట్లు ఉండొచ్చని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. హక్కు, కట్టుబాటు రెండూ రాతలోనే ఉన్నాయి. కట్టుబాటు కాగితం అడిగే చేయి, హక్కు కాగితం కూడా ఇయ్యాలని నా మొర.

వెనక నిలబడిన బండ్ల అన్నలారా, అక్కలారా, మీరెందుకు నిలబడినారు? ఇక్కడ ముందు వరసలో కుర్చీలున్నాయి, రండి. 2020లో వీధి వ్యాపారులకు అప్పులిచ్చే కేంద్ర పథకం స్వనిధి మొదలైనప్పుడు, దాని కింద పదివేలు అప్పు తీసుకున్నవాళ్లు మీలో ఉంటారు. మీరు బండి వ్యాపారులని రాసిచ్చింది మునిసిపాలిటీలే. ఆ కాగితం పారేయొద్దండి. ఆశీలు చీటీ కూడా పారేయొద్దండి. ఎవరన్నా సామాను ఎత్తితే ఎదురు తిరగొద్దండి, చేయి చేసుకోవద్దండి. రాసియ్యమని అడగండి, పంతొమ్మిదో సెక్షన్ అని చెప్పండి. ఉద్యోగంలో ఉన్న తమ్ముళ్లు ఎవరన్నా ఈ సభలో ఉంటే, జేబులో పెన్నుతో పాటు ఒక పుస్తకం, ఒక కార్బన్ పేపరు పెట్టుకోండి నాయనా. రాయడానికి ఐదు నిమిషాలు పడుతుంది.

అట్లాంటి జాబితా ఫారం ఒకటి నేనే తయారుచేసి రెండు వందల కాపీలు తెచ్చినాను. మొదటి కాపీ మాత్రం నింపినాను. చదువుతాను, అయిపోతుంది.

నాలుగు చక్రాల తోపుడు బండి ఒకటి. రెండు మంటల గ్యాస్ స్టవ్వు ఒకటి. ఇనుప బాండ్లి ఒకటి. చిల్లుల గరిటె ఒకటి. నూనె డబ్బా, ముక్కాలు వంతు నూనెతో. పప్పుల పొడి స్టీలు డబ్బా ఒకటి. నానిన బొరుగులు ఒక గంప. వేయించిన మిరపకాయ బజ్జీలు ఒక ప్లేటు. ఖాళీ ప్లేట్లు ఎన్నో నాకు జ్ఞాపకం లేదు, ఆ గడి ఖాళీగా వదిలినాను. ఆమెకు జ్ఞాపకం ఉంటుంది. కింద నా సంతకం ఉంది.

మిగతా కాపీలు తలుపు దగ్గర బల్ల మీద పెట్టినాను, పోయేటప్పుడు తీసుకోండి. నమస్కారం.