ఇంకా కబురు రానివాళ్ల కోసం

(విజయనగరంలో జరిగిన ఒక సన్మాన సభలో విశ్రాంత ఫిజిక్స్ అధ్యాపకురాలి ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, ఎదురుగా కూర్చున్న తల్లిదండ్రులకు, పిల్లలకు నమస్కారం. పేరుపేరునా చెప్పుకుంటూ పోతే మైకు లాగేసుకుంటారు, అంచేత ఇంతే.

మన బాబుకి అమెరికాలో పీహెచ్‌డీ సీటు వచ్చింది. అదీ మూడు చోట్ల, స్టైపెండ్‌తో సహా. శాలువా కప్పాం, ఫొటోలయ్యాయి. అతన్ని పొగడడానికి ముందు మాట్లాడినవాళ్లు నాకేమీ మిగల్చలేదు. అందుకని వెనక వరసలోని వాళ్ల గురించి మాట్లాడతాను. అతనితో పాటే డిసెంబరులో అప్లై చేసి, మార్చి నెలాఖరైనా ఏ కబురూ రానివాళ్లు అక్కడున్నారు.

మన ఊళ్లో అడ్మిషన్ మాట వస్తే ద్వారం వెంకటస్వామినాయుడు గారి కథ చెబుతారు. 1919లో ఇక్కడ సంగీత కళాశాల పెట్టినప్పుడు, విద్యార్థిగా చేరదామని ఆయన వెళ్లారట. ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు ఆ వయొలిన్ విని, నీకు నేర్పేదేముంది, వచ్చి పాఠాలు చెప్పమన్నారట. నేనూ క్లాసులో ఏళ్ల తరబడి చెప్పాను. ఈ పిల్లలకు మాత్రం అది అక్కరకు రాదు. నాయుడుగారికి జవాబు అక్కడికక్కడే దొరికింది, అదీ విన్నాయన నోటినుంచి. వీళ్ల అప్లికేషన్ ఎవరు చదువుతున్నారో కూడా వీళ్లకు తెలీదు.

నాకు తెలిసిన ఒక అమ్మాయి ఉంది, ఎవరో చెప్పను. అమెరికా తూర్పు తీరంలో పొద్దున్న తొమ్మిదికి ఆఫీసు తెరిస్తే ఇప్పుడు మనకు సాయంత్రం ఆరున్నర. వాళ్లు ఐదింటికి తాళం వేసేసరికి ఇక్కడ తెల్లవారుజాము రెండున్నర. అంతవరకూ ఆ పిల్ల దిండు కింద ఫోను పెట్టుకుని పడుకుంటుంది. పడుకోవడమంటే కళ్లు మూసుకోవడమే. ఒక రాత్రి యూనివర్సిటీ పేరుతో మెయిల్ వచ్చింది. వాళ్లమ్మని లేపింది, లైటు వేశారు, తెరిచి చూస్తే ఏముంది? మా అప్లికేషన్ ఫారం మీకెలా అనిపించింది, ఐదు స్టార్లలో ఎన్ని ఇస్తారు, అని! వాళ్లమ్మ అందట కదా, "ఇచ్చేయే, ఐదూ ఇచ్చేయ్, చూస్తారేమో" అని. నవ్వకండి. నేనైనా ఐదూ ఇచ్చేదాన్ని.

తెల్లారి పాల ప్యాకెట్ కోసం గుమ్మం దాటితే, "ఏటైంది పాపా, వచ్చిందా?" మధ్యాహ్నం పిన్ని ఫోను, అదే ప్రశ్న. అమ్మలారా, అయ్యలారా, దండం పెట్టి అడుగుతున్నాను. వస్తే ఆ పిల్లే వీధంతా చెబుతుంది. చెప్పలేదంటే రాలేదనే కదా! అడక్కండి. భోంచేశావా అని అడగండి, సినిమాకొస్తావా అని అడగండి.

నా కాగితంలో ఇక్కడ ధ్యానం, ప్రాణాయామం అని రాసి ఉంది. వదిలేస్తున్నాను. ఆ మౌనం వెనక ఏం జరుగుతోందో తెలిస్తే సగం టెన్షన్ దిగుతుంది. పీహెచ్‌డీ సీటిస్తే ఏళ్ల తరబడి డబ్బిచ్చి చదివించాలి. ప్రొఫెసర్ దగ్గర ప్రాజెక్టు డబ్బుందా, కొత్తవాళ్లను తీసుకునే ఖాళీ ఉందా అన్నది కూడా చూస్తారు. పిలిచినవాళ్లు రాకపోతే ఎలా అని కొందరిని వెయిటింగ్‌లో పెడతారు. వాళ్లకు అవుననీ చెప్పరు, కాదనీ చెప్పరు. అక్కడ పీజీ, పీహెచ్‌డీ చదువులు నడిపే యూనివర్సిటీల సంఘం కౌన్సిల్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్కూల్స్ చేసిన తీర్మానం ఒకటుంది. దానికి ఒప్పుకున్న యూనివర్సిటీలు, ఆర్థిక సాయంతో సీటిచ్చిన విద్యార్థిని ఏప్రిల్ 15 కంటే ముందే తేల్చి చెప్పమని ఒత్తిడి చేయకూడదు. మంచిదే. కానీ సీటొచ్చినవాళ్లు ఆ రోజుదాకా అన్నీ పట్టుకుని కూర్చుంటే, వెయిటింగ్ లిస్టు కదలదు.

మన ఐఐటీల్లో ఎంటెక్‌కీ అదే తంతు. గేట్ ప్రవేశ పరీక్ష ఫలితం మార్చిలో వస్తుంది, ఆఫర్లేమో మేలో మొదలై రౌండ్లు రౌండ్లుగా నడుస్తాయి. ఒకరు వదిలితేనే ఇంకొకరికి. అయినా గేట్ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది, ఈ ఏడాదితో కొంపలేమీ మునిగిపోవు.

ఇదంతా చెబుతుంటే ఇప్పుడొకటి తోస్తోంది. బాబూ, సన్మానం నీదే, కోప్పడకు. మూడింటిలో ఎక్కడ చేరేదీ ఇందాక మైకులో నువ్వే చెప్పావు. మరి మిగతా రెండు? ఏమంటున్నావు? "ఏప్రిల్ 15 దాకా టైముంది మేడమ్" అనా? ఉంది. నీకుంది. ఆ రెండు సీట్ల కోసం ఏ ఊళ్లోనో ఎవరి పిల్లో దిండు కింద ఫోను పెట్టుకుని ఉంటుంది. థాంక్స్ చెప్పి, రావడం లేదని రెండు ముక్కలు రాస్తే చాలు, అక్కడెవరూ ఏమీ అనుకోరు. ఇప్పుడు టైము ఏడున్నర. అక్కడ ఆఫీసు తెరిచి గంటే అయింది. వందన సమర్పణ కాసేపు ఆగుతుంది, ఫోను తియ్యి నాన్నా.