గొట్టాన్ని చివరిసారి ఎప్పుడు చూశారు?

శ్రోతలకు నమస్కారం.

మన పొలాల కింద, కొబ్బరి తోటల కింద, కాలువ గట్ల వెంట భూమిలో సాగిపోతున్న గ్యాసు పైపులైన్ల భద్రతను ప్రభుత్వం తరఫున ఎవరు చూస్తున్నారు, ఎలా చూస్తున్నారు, చూసిన సంగతి మన ఊరిదాకా ఎందుకు రావడం లేదు అన్నది ఈ వేళ నేను మీతో చెప్పదలచుకున్న విషయం. గోదావరి డెల్టాలో గ్యాసు బయటపడిన చరిత్రంతా చెప్పడానికి ఈ కొద్ది సమయం చాలదు. 1995 జనవరిలో అంటుకున్న పాశర్లపూడి బావి రెండు నెలలకు పైగా మండిన సంగతి పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. అది బావి దగ్గర జరిగిన ప్రమాదం. నేను చెప్పబోయేది పైపు వల్ల జరిగిన ప్రమాదం. 2014 జూన్ 27న నగరం గ్రామంలో జరిగింది.

నగరం మామిడికుదురు మండలంలోని ఊరు. దాన్ని ఆనుకునే తాటిపాక, అక్కడ ఓఎన్‌జీసీ వారి కేంద్రం ఉన్నాయి. తాటిపాక నుంచి విజయవాడ దగ్గరి కొండపల్లి విద్యుత్ కేంద్రానికి గ్యాసు తీసుకుపోయే ప్రభుత్వ రంగ గ్యాసు సంస్థ గెయిల్ వారి 18 అంగుళాల పైపులైను ఈ ఊరి మీదుగా వెళ్లేది. ఆ తెల్లవారుజామున పైపు చిల్లుపడి గ్యాసు బయటికి వచ్చింది. గాలి కదలని వేళ అది ఇళ్ల మధ్య, చెట్ల మధ్య కమ్ముకుని నిలిచింది. ఊరు ఇంకా పూర్తిగా నిద్ర లేవలేదు. ఉదయం ఐదున్నర ప్రాంతంలో ఒక టీ కొట్టులో పొయ్యి వెలిగించగానే అంటుకుందని అప్పటి పత్రికలు రాశాయి. రోజూ అదే వేళకు వెలిగే పొయ్యి అది. క్షణాల్లో మంటలు ఇళ్లను, పాకలను, కొబ్బరి చెట్లను చుట్టేశాయి. పడుకున్నవారు పడుకున్నచోటే కాలిపోయారు. బయటికి పరుగెత్తినవారిని ఆరుబయటే మంట అందుకుంది. ఆ రోజు చనిపోయినవారు, తరువాత ఆసుపత్రుల్లో ప్రాణాలు వదిలినవారు కలిసి ఇరవై మందికి పైగా ఉన్నారు. వారిలో పసిపిల్లలూ ఉన్నారు.

ఆ గొట్టం ఎందుకు చిల్లుపడింది? ఈ ప్రశ్న దగ్గర కొంచెం ఆగుదాం. పెట్రోలియం మంత్రిత్వ శాఖ వేసిన విచారణ కమిటీ తేల్చిన ముఖ్యమైన విషయం ఒకటుంది: అది పొడి గ్యాసు కోసం వేసిన పైపు, అందులో పారింది తడి గ్యాసు. బావి నుంచి వచ్చే గ్యాసులో నీరు ఉంటుంది, నూనెలాంటి ద్రవం ఉంటుంది, బొగ్గుపులుసు వాయువు ఉంటుంది. నీటిని ముందుగా తీసివేయకుండా పైపులోకి వదిలితే, ఆ నీరు గొట్టంలోని పల్లపు చోట్ల నిలిచిపోతుంది, బొగ్గుపులుసు వాయువు అందులో కరిగి ఆమ్లంగా మారుతుంది, ఆ ఆమ్లం ఉక్కును లోపలినుంచి తినేస్తుంది. గొట్టానికి పైన పూసే పూత గానీ, తుప్పు పట్టకుండా బయటినుంచి ఇచ్చే స్వల్ప విద్యుత్తు గానీ ఈ లోపలి తుప్పును ఆపలేవు. పైకి పచ్చగా నిగనిగలాడుతూ లోపల కుళ్లిన బొండాం లాంటిది ఆ గొట్టం. కోసి చూస్తే తప్ప తెలియదు. అయితే పైపును కోయకుండానే లోపల చూసే సాధనం ఉంది. పిగ్ అని పిలిచే పరికరాన్ని పైపులో ఒక చివర ప్రవేశపెడితే, గ్యాసు ఒత్తిడితోనే ముందుకు సాగుతూ, ఉక్కు ఎక్కడ ఎంత పలచబడిందో నమోదు చేసుకుని రెండో చివర బయటికి వస్తుంది. అంటే చిల్లు పడకముందే తెలుసుకునే మార్గం ఉంది. పడకముందే తెలుసుకునే మార్గం ఉండగా పడిన తరువాత తెలుసుకున్నాం. నాకు అన్నిటికన్నా బాధ కలిగించే సంగతి ఇదే.

మరి చూడవలసినవారు ఎవరు? సహజవాయువు పైపులైన్ల నియంత్రణకు 2006 చట్టం కింద ఏర్పడిన పెట్రోలియం, సహజవాయువు నియంత్రణ బోర్డు ఢిల్లీలో ఉంది. చమురు పరిశ్రమ భద్రతా డైరెక్టరేట్ నోయిడాలో ఉంది. పేలుడు పదార్థాల భద్రత చూసే సంస్థ ప్రధాన కార్యాలయం నాగపూర్‌లో ఉంది. బావుల దగ్గరి భద్రత చూసే గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ ధన్‌బాద్‌లో ఉంది. నిబంధనలకు కొదవ లేదు. సాంకేతిక ప్రమాణాల నిబంధనలు 2009లో వచ్చాయి, అత్యవసర ప్రణాళికల నిబంధనలు 2010లో వచ్చాయి, పైపు పటిష్ఠతను ఎప్పటికప్పుడు పరీక్షించాలన్న నిబంధనలు 2012లో వచ్చాయి. ఇవన్నీ నగరం ప్రమాదానికి ముందు వచ్చినవే. నిబంధన లేక జరిగిన ప్రమాదం కాదది. కాగితం మీది నిబంధన గొట్టం దాకా వచ్చిందో లేదో అడిగేవారు దగ్గరలో లేకపోవడం వల్లనే అంత ఘోరం జరిగిందని నా నమ్మకం.

పైపులు వద్దని నేను అనడం లేదు. ఈ గ్యాసుతో దేశంలో కరెంటు పుడుతోంది, ఎరువు తయారవుతోంది, వంట అవుతోంది. చట్టం కూడా మన మీద బాధ్యత పెట్టింది. 1962 నాటి పైపులైన్ల చట్టం ప్రకారం భూమి రైతుదే, వినియోగ హక్కు మాత్రం పైపు వేసినవారిది. పైపు పోయే ఆ మేర మీద రైతు వరి పండించుకోవచ్చు గానీ ఇల్లు కట్టకూడదు, బావి గానీ చెరువు గానీ తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. మన ప్రాంతంలో రొయ్యల చెరువుల కోసం పొక్లెయిన్ దింపే ముందు ఈ మాట గుర్తు పెట్టుకోవడం ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు. కానీ రైతు తన హద్దు పాటించాలని అడిగే చట్టం ఉన్నప్పుడు, గొట్టం లోపల ఎలా ఉందో ఆ రైతుకు చెప్పే ఏర్పాటు కూడా ఉండాలి కదా.

ఆ ఏర్పాటు ఒకటి మన చేతిలోనే ఉంది. 2005 సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టవచ్చు. ఇంగ్లీషు రాదని సంకోచించవద్దు. ప్రాంతీయ అధికార భాషలో దరఖాస్తు చేసే హక్కును చట్టమే ఇచ్చింది కాబట్టి తెలుగులోనే రాయండి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి రుసుము లేదు. జవాబు 30 రోజుల్లో ఇవ్వాలి. ప్రాణానికి సంబంధించిన సమాచారమైతే 48 గంటల్లో ఇవ్వాలి. పైపు ప్రభుత్వ రంగ సంస్థదైతే ఆ సంస్థనే అడగండి. ప్రైవేటు సంస్థదైతే నియంత్రణ బోర్డును అడగండి, ఎందుకంటే బోర్డు చట్టప్రకారం ఆ సంస్థ నుంచి తెప్పించుకోగల సమాచారం కూడా ఈ హక్కు పరిధిలోకే వస్తుంది.

దరఖాస్తులో అడగవలసినవి నాలుగే. మా ఊరి మీదుగా పోయే గొట్టాన్ని ఏ సంవత్సరంలో వేశారు? అది ఏ రకం గ్యాసు కోసం వేసినది, ఇప్పుడు అందులో పారుతున్నది ఏ రకం గ్యాసు? లోపలి పరీక్ష చివరిసారి ఏ తేదీన జరిగింది, అందులో తేలిన లోపాలను ఏ తేదీన సరిచేశారు? గ్యాసు లీకైతే మా ఊరివారు ఏ దారిన, ఎక్కడికి వెళ్లాలి?

ఇక ఈలోగా, నీళ్లు నిలిచిన చేలో ఒకేచోట ఆగకుండా బుడగలు వస్తున్నా, భూమిలోంచి బుస్సుమనే చప్పుడు వినిపించినా, పైపు మేర మీద పైరు ఉన్నట్టుండి ఎండినా, వాసన లేదు కదా అని ఊరుకోవద్దు. సహజవాయువుకు స్వతహాగా వాసన ఉండదు. అక్కడ అగ్గిపుల్ల గీయకండి, మోటారు స్విచ్చి ముట్టుకోకండి, బండి స్టార్టు చేయకండి. గాలి ఎటునుంచి వీస్తోందో అటువైపు నడిచి దూరం వెళ్లిన తరువాతనే, పైపు దారి తెలిపే గుర్తు రాయి మీది నంబరుకు, అగ్నిమాపక శాఖ 101కి ఫోన్ చేయండి. చేసిన వేళను కాగితం మీద రాసుకుని, ఒక ప్రతి తహసీల్దారు కార్యాలయంలో ఇచ్చి, ముట్టినట్టు సంతకం తీసుకోండి. సమాచార హక్కు కింద వచ్చిన జవాబును కూడా దాచుకోకుండా, గ్రామ సచివాలయం నోటీసు బోర్డు మీద అందరూ చదివేలా పెట్టించండి.