మీ గంట ఎవరి ఖాతాలో పడుతోంది? - టెక్నాలజీ కన్సల్టెన్సీలో పని తీరు

అందరికీ నమస్కారం. హాల్లో ఫైనలియర్ వాళ్లే ఎక్కువగా కనిపిస్తున్నారు కాబట్టి ఉపోద్ఘాతం పెట్టుకోకుండా అసలు సంగతికే వద్దాం. కొన్ని నెలల్లో మీలో చాలామంది మాదాపూర్‌లోనో, గచ్చిబౌలిలోనో, నానక్‌రామ్‌గూడలోనో ఏదో ఒక కన్సల్టెన్సీలో చేరతారు. చేరేముందు అక్కడ పని ఎలా నడుస్తుందో లెక్కతో సహా తెలిసి ఉంటే మొదటి ఏడాది అంత అయోమయంగా ఉండదు.

సొంత ప్రొడక్టు ఉన్న కంపెనీ సాఫ్ట్‌వేర్‌ని అమ్ముతుంది. విదేశీ బ్యాంకులూ బీమా కంపెనీలూ ఇక్కడ పెట్టుకున్న సొంత టెక్ కేంద్రాల్లో, అంటే జీసీసీల్లో, మీ జీతం ఆ సంస్థ ఖర్చుల్లో ఒకటి. కన్సల్టెన్సీ అమ్మేది మాత్రం మీ గంటని. 1998లో సైబర్ టవర్స్ తెరిచేనాటికి వై2కె పని, అంటే 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీలు తప్పు చదవకుండా చేసే సవరణ, ఇలాగే గంటల లెక్కన అమ్ముడవుతోంది. ఇప్పుడు క్లౌడ్ మైగ్రేషన్, డేటా, ఏఐ పనులు వచ్చాయి కానీ లెక్క పెద్దగా మారలేదు. ఆ గంట ఎవరి ఖాతాలో పడుతోందో తెలిస్తే చాలు, మేనేజర్ ఎందుకు కంగారు పడుతున్నారో, ఒక మనిషిని ప్రాజెక్టు నుంచి ఉన్నట్టుండి ఎందుకు తీశారో అర్థమైపోతుంది.

ఒప్పందాలు ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది టైమ్ అండ్ మెటీరియల్: ఎన్ని గంటలు పనిచేస్తే అన్ని గంటలకు బిల్లు. పని ఆలస్యమైతే ఖర్చు క్లయింటుది. రెండోది ఫిక్స్‌డ్ ప్రైస్: పని మొత్తానికి ఒకే ధర. 100 పనిదినాలని ఒప్పుకున్న పనికి 130 పట్టిందంటే ఆ 30 రోజుల జీతాలు కంపెనీ జేబులోంచే పోతాయి. మొదటి దాంట్లో క్లయింటు, 'ఈ పనికి ఇన్ని గంటలా?' అని అడుగుతారు. రెండో దాంట్లో మీ మేనేజరే అడుగుతారు. అందుకే ప్రాజెక్టులో అడుగుపెట్టిన మొదటి రోజే ఇది ఏ రకం ఒప్పందమో కనుక్కోండి. వీలుంటే ఎస్‌ఓడబ్ల్యూ, అంటే ఏ పని ఎలా చేస్తామో రాసుకున్న ఒప్పంద పత్రం, అడిగి చదవండి. ధరల పేజీ మీకు చూపించకపోవచ్చు, ఫరవాలేదు. మీకు కావాల్సినవి నాలుగే: ఏవి చేస్తామన్నారు, ఏవి చేయబోమన్నారు, ఏమేం ఉంటాయని అనుకుని ధర చెప్పారు, పని పూర్తయిందని క్లయింటు ఎలా ఒప్పుకుంటారు. జూనియర్లు ఈ కాగితం జోలికే పోరు. గొడవలన్నీ పుట్టేది మాత్రం దీంట్లోంచే.

ఇక యుటిలైజేషన్, అంటే మీ మొత్తం గంటల్లో క్లయింటుకు బిల్లయ్యేవి ఎంత శాతమో ఆ లెక్క. ఏడాదికి 52 వారాలు, వారానికి 40 గంటలు, మొత్తం 2080. ఉదాహరణకు 10 సెలవుదినాలు, 20 రోజుల లీవు తీసేస్తే 1840 మిగులుతాయి. టార్గెట్ 85 శాతం అన్నారనుకుందాం. 2080లో 85 శాతం అంటే 1768. అంటే ఏడాది మొత్తంలో బిల్లు కాకుండా మీ చేతిలో మిగిలేది 72 గంటలు, తొమ్మిది రోజులు. ట్రైనింగు, కంపెనీ మీటింగులు, రెండు ప్రాజెక్టుల మధ్య బెంచ్ మీద ఖాళీ, అన్నీ ఆ తొమ్మిది రోజుల్లోనే సర్దుకోవాలి. మూడు వారాలు బెంచ్ మీద ఉంటే టార్గెట్ తప్పిపోయినట్టే, అందులో మీ తప్పేమీ లేకపోయినా. కొన్ని కంపెనీలు లీవులు తీసేశాకే శాతం కడతాయి. అప్పుడు అదే 85 శాతానికి 1564 గంటలు చాలు. రెండింటికీ తేడా 204 గంటలు, అంటే ఐదు వారాలకు పైనే. జీతం గురించి ఎంత శ్రద్ధగా అడుగుతారో ఈ లెక్క గురించీ అంతే శ్రద్ధగా అడగాలి.

టైమ్‌షీట్ మీద కాస్త ఎక్కువసేపు మాట్లాడాలి. శుక్రవారం సాయంత్రం నింపకపోతే ఇన్‌వాయిస్ ఆగుతుంది. ఇన్‌వాయిస్ వెళ్లాక కూడా డబ్బు రావడానికి 30 రోజులో, 60 రోజులో గడువుంటుంది కాబట్టి ఇక్కడ జరిగిన జాప్యం అక్కడ ఇంకా పెరుగుతుంది. అయితే దానికంటే పెద్ద నష్టం ఇంకొకటుంది. రోజుకు పదకొండు గంటలు పనిచేసి ఎనిమిదే రాయడం. చాలా టీముల్లో ఇది మర్యాదగా చెలామణీ అవుతోంది. ఏమవుతుందో చూడండి. ఒక స్క్రీన్ కట్టడానికి నిజంగా 55 గంటలు పట్టింది, రికార్డులో 40 పడింది. ఆర్నెల్ల తర్వాత అలాంటి ఇంకో పనికి ధర చెప్పేవాళ్లు ఆ 40నే తీస్తారు. కొత్త టీము మీద మొదటి రోజునుంచే 15 గంటల భారం పడుతుంది. వాళ్లూ రాత్రిళ్లు కూర్చుని 40 అనే రాస్తారు. ఇలా అలసట ఒక ప్రాజెక్టు నుంచి ఇంకో ప్రాజెక్టుకు పాకుతూనే ఉంటుంది. నిజం రాస్తే ఎవరో ఒకరు కారణం అడుగుతారు, అడగనివ్వండి. చేయని గంటలు రాయడం మోసమని అందరికీ తెలుసు. చేసిన గంటలు దాచడమూ తప్పుడు లెక్కే.

ఎస్టిమేషన్ సంగతికొద్దాం. జూనియర్‌ని 'ఎన్ని రోజులు పడుతుంది?' అని అడిగితే అంతా సాఫీగా జరిగితే పట్టే రోజులే చెబుతారు. దానికి బదులు మూడు అంకెలు చెప్పండి. సాఫీగా సాగితే 3 రోజులు, మామూలుగా 5, అన్నీ ఎదురుతిరిగితే 13. మామూలు అంకెను నాలుగుతో గుణించి, మిగతా రెండూ కలిపి, ఆరుతో భాగించండి. 6 రోజులు వస్తుంది. ఆ ఆరు కంటే 13 అన్నదే ముఖ్యం. అది ఎందుకు 13 అవుతుందని అడిగినప్పుడు అసలు విషయాలు బయటికొస్తాయి. క్లయింటు నెట్‌వర్క్‌లో ఫైర్‌వాల్ పోర్టు తెరిపించాలి, దానికి వాళ్ల సెక్యూరిటీ టీము అనుమతి కావాలి. టెస్ట్ డేటా ఇంకా రాలేదు. క్లయింటు నెట్‌వర్క్‌లోకి వెళ్లే వీపీఎన్ యాక్సెస్ ఇద్దరికే ఉంది. కోడ్ రాయడం కంటే వీటికే ఎక్కువ రోజులు పోతాయి.

చిన్నదిగా కనిపించే పని ఒకటి దగ్గరగా చూద్దాం. అమెరికా క్లయింటు రోజూ ఒక సీఎస్‌వీ ఫైలు (కామాలతో విడదీసిన పట్టికలాంటి టెక్స్ట్ ఫైలు) పంపుతారు, దాన్ని డేటాబేస్‌లోకి ఎక్కించాలి. అందులో తేదీ 03/04/2024 అని ఉంది. వాళ్లకది మార్చి 4, మనకు ఏప్రిల్ 3. ప్రోగ్రామ్ మన పద్ధతిలో చదివినా ఎర్రర్ రాదు. 12వ తేదీ వరకూ ఏ అంకె నెలో ఏది రోజో దానికి తేడా తెలియదు, తప్పు తేదీలు నిశ్శబ్దంగా లోపలికి పోతాయి. 03/13 వచ్చిన రోజున మాత్రమే పదమూడో నెల లేదని ఆగుతుంది. అప్పటికి, ఎటు చదివినా ఒకటే అయిన 03/03 తప్ప, 11 రోజుల డేటా పాడైపోయి ఉంటుంది, దాని మీద తయారైన రిపోర్టులు క్లయింటు పైవాళ్లకు చేరిపోయి ఉంటాయి. అందుకని ఫైలు పని మొదలుపెట్టకముందే తేదీ పద్ధతి, ఎన్‌కోడింగ్ (ఫైల్లో అక్షరాలను దాచే పద్ధతి), ఖాళీ గడికి అర్థం, ఒకే ఫైలు రెండుసార్లు వస్తే ఏం చేయాలి, ఈ నాలుగూ మెయిల్‌లో అడిగి జవాబు రాబట్టుకోండి. నమూనా ఫైలు అడిగేటప్పుడు నెలాఖరు ఫైలు అడగండి, 12 దాటిన తేదీలు అందులోనే దొరుకుతాయి.

ఫిక్స్‌డ్ ప్రైస్ పనులు తడిసి మోపెడయ్యేది ఎక్కువగా కాల్‌లో అన్న ఒక మాట వల్లే. క్లయింటు, 'ఈ రిపోర్టుకు బ్రాంచి ఫిల్టర్ ఒకటి పెట్టండి, చిన్నదేగా' అంటారు. మనవాళ్లు మొహమాటానికి పోయి సరే అంటారు. ఆ ఫిల్టర్‌కు స్క్రీన్ మార్చాలి, స్క్రీన్‌కు డేటా అందించే ఏపీఐ మార్చాలి, డేటా నెమ్మదిస్తే వేగంగా వెతకడానికి ఇండెక్స్ వేయాలి, ఎవరు ఏ బ్రాంచి చూడొచ్చో అనుమతులు కట్టాలి, టెస్టులు రాయాలి, యూజర్ గైడులో బొమ్మ మార్చాలి. మూడు రోజుల పని. ఇలాంటివి పది ఒప్పుకుంటే ఒక మనిషి నెలన్నర పోయినట్టే. కాదని మొహం మీద చెప్పనక్కర్లేదు. 'రాసుకున్నాం, ఎంత పడుతుందో చూసి రేపటికి చెబుతాం' అనండి. మర్నాడు మెయిల్‌లో ఏం అడిగారు, ఎన్ని రోజులు, ఏ తేదీ వెనక్కి జరుగుతుంది, మూడే ముక్కలు రాయండి. వాళ్లు ఒప్పుకుంటే అది చేంజ్ రిక్వెస్ట్, అంటే ఒప్పందానికి అదనంగా చేర్చిన పని, అవుతుంది. వద్దంటే అక్కడితో సరి. ఈ మెయిల్ రాయగలిగిన రెండేళ్ల అనుభవం వాళ్లకు ఉన్న విలువ, మూడు ఫ్రేమ్‌వర్కులు వచ్చి నోరు విప్పలేని వాళ్లకు ఉండదు.

టైమ్‌జోన్ల గురించి ఈ ఊళ్లో అందరూ మాట్లాడతారు కానీ లెక్క కొద్దిమందికే తెలుసు. న్యూయార్క్ కంటే మనం వేసవిలో తొమ్మిదిన్నర గంటలు ముందు, చలికాలంలో పదిన్నర. వాళ్ల పొద్దున 9 మనకు సాయంత్రం 6:30 లేదా 7:30. అమెరికా గడియారం మార్చి రెండో ఆదివారం ముందుకీ, నవంబరు మొదటి ఆదివారం వెనక్కీ జరుగుతుంది. బ్రిటన్‌లో మార్చి ఆఖరి ఆదివారం, అక్టోబరు ఆఖరి ఆదివారం. కాబట్టి మార్చిలో రెండు మూడు వారాలు, శరదృతువులో ఒక వారం లండన్-న్యూయార్క్ తేడా మామూలు ఐదు గంటలు కాకుండా నాలుగే ఉంటుంది. మూడు ఊళ్ల మీటింగులు ఒకదాని మీదొకటి పడేది ఆ వారాల్లోనే. మీటింగ్ ఇన్‌వైట్ క్లయింటు టైమ్‌జోన్‌లో పెడితే వాళ్ల సమయం కదలదు, మనదే జరుగుతుంది. సర్వర్లో రాత్రి దానంతటదే నడిచే జాబ్ యూటీసీలో (ఎప్పుడూ మారని ప్రపంచ ప్రామాణిక సమయంలో) పెట్టారో స్థానిక సమయంలో పెట్టారో కూడా ఆ వారాలు రాకముందే చూసుకోండి. ఇంకొకటి, 6:30 కాల్ ఉన్నవాళ్లు ఆరింటికి రాయదుర్గంలో మెట్రో ఎక్కి దారిలో కాల్‌లో చేరదామనుకోవద్దు. ఆఫీసులో ఉండి మాట్లాడండి, లేదా నాలుగింటికే ఇంటికి బయల్దేరండి. సాయంత్రం కాల్ ఉన్న రోజున పొద్దున ఆలస్యంగా రావడం న్యాయమే, అది టీము క్యాలెండర్లో రాసిపెట్టుకోండి.

అన్నిటికంటే ఒత్తిడి ఎక్కువ ఉండేది కటోవర్ రోజున. పాత సిస్టమ్ ఆపి కొత్తది ఎక్కించే పని. న్యూయార్క్ క్లయింటు శుక్రవారం రాత్రి 10 నుంచి శనివారం ఉదయం 6 దాకా సమయమిచ్చారు, వేసవి అనుకుందాం. మనకు శనివారం పొద్దున 7:30 నుంచి మధ్యాహ్నం 3:30. పని చెడితే పాత సిస్టమ్‌కు వెనక్కి తిరగడానికి ఎంతసేపు పడుతుందో ముందు కొలవాలి. రెండున్నర గంటలు, పైన అరగంట జాగ్రత్తకు. అంటే కొనసాగాలా వెనక్కి పోవాలా అన్నది 12:30కల్లా తేలాలి. ఇప్పుడు పనులు పేర్చండి. ట్రాఫిక్, జాబులు ఆపడానికి పావుగంట. బ్యాకప్ గంట. డేటా మార్పిడి రెండు గంటలు. సరిచూడటానికి ముప్పావుగంట. కోడ్ ఎక్కించి ముఖ్యమైన స్క్రీన్లు తడిమి చూడటానికి ముప్పావుగంట. 12:15 అయింది. చేతిలో మిగిలింది పావుగంటే.

తప్పు జరిగేది ఇక్కడే. టెస్ట్ డేటాబేస్‌లో పదివేల వరుసలుంటాయి, అసలు దాంట్లో నాలుగు కోట్లు. రెండు గంటలనుకున్న మార్పిడి మూడున్నర పడుతుంది. 12:30కి 'ఇంకో ఇరవై నిమిషాల్లో అయిపోతుంది' అని ఎవరో ఒకరు కచ్చితంగా అంటారు. ఆ మాట విని ఆగిన టీము సోమవారం పొద్దున రెండు సిస్టమ్‌లూ లేకుండా నిలబడుతుంది. నిర్ణయం ఎవరిదో, ఏ నిమిషానికో ముందే కాగితం మీద పేరుతో సహా ఉండాలి. అసలంత డేటాతో కనీసం ఒకసారి రిహార్సల్ చేయాలి. బ్యాకప్ తీస్తే సరిపోదు, దాన్ని తిరిగి ఎక్కించి చూసి ఉండాలి. సరిచూసేటప్పుడు వరుసల సంఖ్య ఒక్కటే పోల్చవద్దు. పైసలు తెగిపోయి 1250.75 కాస్తా 1250 అయినా వరుసలు సమానంగానే ఉంటాయి. మొత్తాలు కూడి పోల్చాలి.

ఎక్కించగానే పని ముగిసిందనుకోవద్దు, ఇల్లు అలకగానే పండగ కాదు. కేటీ, అంటే తర్వాత చూసుకునేవాళ్లకు పని నేర్పి అప్పగించడం, మిగిలి ఉంటుంది. కేటీ అంటే రెండు గంటల వీడియో రికార్డింగ్ కాదు, దాన్ని మళ్లీ ఎవరూ చూడరు. మొదటి వారం తీసుకునేవాళ్లు మీ పక్కన కూర్చుని చూడాలి, రెండో వారం వాళ్లు చేస్తుంటే మీరు చూడాలి. సర్వర్ల సెక్యూరిటీ సర్టిఫికెట్లలో ఏది ఏ తేదీన ముగుస్తుందో, ఏ జాబ్ పడిపోతే ఎవరికి ఫోన్ చేయాలో రాసిన ఒక్క పేజీ వంద స్లైడ్ల పెట్టు.

ఆన్‌సైట్, అంటే క్లయింటు దేశానికి వెళ్లి పనిచేయడం, గురించి క్లుప్తంగా చెబుతాను. అమెరికా ఉద్యోగ వీసా హెచ్-1బీకి ఏడాదికి 65,000, అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్లకు ఇంకో 20,000, అదీ లాటరీలో. 2025 సెప్టెంబరులో బయటి దేశాల్లో ఉన్నవాళ్ల కొత్త దరఖాస్తుల మీద లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. ఆ ఆశ చూపించి తక్కువ జీతం ఇస్తామంటే ఒప్పుకోవద్దు. అలాగే లేని మూడేళ్ల అనుభవం రెజ్యుమెలో పెట్టించుకోవద్దు. అమీర్‌పేటలో కోర్సు చేయడంలో తప్పేమీ లేదు, బోలెడంతమంది అక్కడే నేర్చుకుని నిలదొక్కుకున్నారు. కానీ వెరిఫికేషన్‌లో మీ పీఎఫ్ ఖాతా నంబరు (యూఏఎన్) చరిత్ర చూస్తారు. ఏ నెలలో ఏ కంపెనీ జమ చేసిందో అందులో ఉంటుంది. ఆ అబద్ధం చేరిన ఏడాదికి బయటపడినా ఉద్యోగం పోతుంది.

ఇంటర్వ్యూ చివర 'మీరేమైనా అడుగుతారా?' అన్నప్పుడు తల అడ్డంగా ఊపకండి. యుటిలైజేషన్ లీవులు తీసి కడతారా, తీయకుండానా? బెంచ్ మీద ఎన్ని వారాల తర్వాత ఏం చేస్తారు? నోటీసు పీరియడ్ 90 రోజులా, తగ్గించుకోవచ్చా? ముందే మానేస్తే డబ్బు కట్టాలనే బాండ్ ఉందా, ఉంటే ఎంత, ఏ ట్రైనింగుకు? ఫ్రెషర్లకు క్లయింటుతో నేరుగా మాట్లాడే అవకాశం ఎన్నాళ్లకు వస్తుంది? రాత్రి కాల్స్ ఉంటే క్యాబ్ ఎవరిది? వచ్చిన జవాబులు ఆ రోజే రాసుకోండి, ఆఫర్ లెటర్ వచ్చాక పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఉన్నచోట సంతకానికి ముందే హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టండి. ఇక మీ ప్రశ్నలు అడగండి, వెనక వరసలో ఉన్నవాళ్లకు మైకు అందిస్తారు.