థండర్‌బర్డ్‌లో ఎలియాస్ చిరునామా నుంచి మెయిల్ పంపడం: ఐడెంటిటీ సదుపాయంపై నా రివ్యూ

నమస్కారం. ఒకే మెయిల్‌బాక్స్ ఉన్న మనిషి రెండు మూడు చిరునామాల పేరుతో ఉత్తరాలు పంపవలసి వచ్చినప్పుడు థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రామ్ ఎంతవరకు ఆదుకుంటుందో ఈ వీడియోలో వివరిస్తాను. మొజిల్లా 2004 డిసెంబరులో దీని 1.0 వెర్షన్‌ను విడుదల చేసింది. 2020 నుంచి మొజిల్లా ఫౌండేషన్‌కు చెందిన ఎంజెడ్‌ఎల్‌ఏ టెక్నాలజీస్ అనే సంస్థ దీని బాగోగులు చూస్తోంది. ఇది ఉచితంగా దొరుకుతుంది, విండోస్, మ్యాక్, లైనక్స్ మూడింటిలోనూ పనిచేస్తుంది.

ముందుగా నా అవసరం చెబుతాను. నేను మా అపార్ట్‌మెంట్ సంఘానికి కార్యదర్శిని. సంఘానికి సొంత డొమైన్, అంటే మెయిల్ చిరునామాలో @ గుర్తు తర్వాత వచ్చే పేరు, ఉంది. అందులో నా పేరు మీద ఒక మెయిల్‌బాక్స్ ఉండగా, కార్యదర్శి అనే ఎలియాస్ (సొంత మెయిల్‌బాక్స్ లేకుండా, వచ్చిన మెయిల్‌ను వేరే మెయిల్‌బాక్స్‌కు చేర్చే మారు చిరునామా) ఒకటి, ట్యాంకర్ల బిల్లులూ లిఫ్టు మరమ్మతు బిల్లులూ రావడానికి ఖాతాలు అనే ఎలియాస్ మరొకటి ఉన్నాయి. ఈ రెండు ఎలియాస్‌లకు వచ్చే ప్రతి మెయిల్ నాకూ, మా కోశాధికారికీ కలిపి చేరేలా ఏర్పాటు చేసుకున్నాం. ఒకరు ఊళ్లో లేకపోయినా మరొకరు జవాబివ్వగలగాలన్నదే మా ఉద్దేశం.

ఆ ఉద్దేశం ఒక వేసవిలో దెబ్బతిన్నది. ఒక ఫ్లాటు యజమాని బోరు మోటారు పనిచేయడం లేదని కార్యదర్శి చిరునామాతో సహా కమిటీ వాళ్లందరినీ బీసీసీలో, అంటే ఎవరెవరికి వెళ్లిందో కనిపించని వరుసలో, పెట్టి రాశారు. నేను జవాబిచ్చాను గానీ ఆ జవాబు నా సొంత చిరునామా నుంచి వెళ్లింది. ఆవిడ తర్వాతి వివరాలన్నీ సహజంగానే నా సొంత చిరునామాకు పంపారు. నేను ఆ మూడు రోజులూ ప్రయాణంలో ఉన్నాను, కోశాధికారికి ఆ వివరాలేవీ తెలియలేదు, ఎండాకాలంలో ఆ బ్లాకు వాళ్లు నీళ్ల కోసం ఇబ్బంది పడ్డారు. ఫ్రమ్ వరుసలో ఏ చిరునామా ఉందన్నది చిన్న సంగతి కాదని నాకు ఆ రోజు అర్థమైంది.

ఇప్పుడు స్క్రీన్ మీద చూడండి. కుడివైపు పైన మూడు గీతల మెనూ తెరిచి అకౌంట్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి, ఎడమవైపు మన ఖాతా పేరు మీద నొక్కితే, ఆ పేజీ అడుగున మేనేజ్ ఐడెంటిటీస్ అనే బటన్ కనిపిస్తుంది. దాన్ని నొక్కి యాడ్ అంటే కొత్త ఐడెంటిటీ పెట్టె తెరుచుకుంటుంది. పేరు, ఈమెయిల్ చిరునామా, రిప్లై-టు చిరునామా, సంతకం అన్నీ ఇక్కడే ఇవ్వవచ్చు. నేను పేరు దగ్గర తెలుగులోనే కార్యదర్శి అని రాశాను, అది అవతలివారికి తెలుగులోనే కనిపిస్తుంది. పంపిన మెయిల్ తెరిచి కంట్రోల్ యూ నొక్కితే మాత్రం ఫ్రమ్ వరుసలో సమాన చిహ్నాలు, ప్రశ్నార్థకాలు, వాటి మధ్య అర్థం కాని అక్షరాల గుంపు కనిపిస్తాయి. మెయిల్ పైభాగంలో ఫ్రమ్, టు లాంటి వివరాలుండే హెడర్ వరుసలు ఇంగ్లీషు అక్షరాల కాలంలో పుట్టాయి కాబట్టి తెలుగు పేరును ఇలా సంకేతాలుగా మార్చి పంపుతారు. దాన్ని చూసి ఏదో చెడిపోయిందని కంగారు పడకండి.

చాలామంది పొరబడే చోటు ఒకటుంది. థండర్‌బర్డ్‌లో ఐడెంటిటీ చేర్చినంత మాత్రాన ఆ చిరునామా పుట్టదు. ఎలియాస్‌ను ముందుగా మెయిల్ సర్వర్‌లోనే, అంటే మన డొమైన్ హోస్టింగ్ ప్యానెల్‌లో గానీ, మెయిల్ సంస్థ సెట్టింగ్స్‌లో గానీ సృష్టించాలి. థండర్‌బర్డ్ చేసేదల్లా ఫ్రమ్ వరుసలో ఆ పేరు రాసి ఉత్తరాన్ని సర్వర్‌కు అందించడమే. సర్వర్ ఒప్పుకుంటుందా లేదా అన్నది ఈ పెట్టెలో ఎక్కడా పరీక్షించదు. నా దృష్టిలో ఈ సదుపాయంలోని పెద్ద లోపం ఇదే, ఎందుకంటే కొత్తగా వాడేవాళ్లు సేవ్ అయింది కదా, ఇక పని పూర్తయింది అనుకుంటారు.

సర్వర్ ఒప్పుకోవడం అంటే ఏమిటో కాస్త వివరంగా చెప్పాలి. మెయిల్‌కు కూడా పోస్టు ఉత్తరంలాగే కవరు మీద ఒక పంపినవారి చిరునామా, లోపలి కాగితం మీద ఒక చిరునామా ఉంటాయి. సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేటప్పుడు వాడేది కవరు మీదిది, మనకు కనిపించే ఫ్రమ్ వరుస లోపలిది. థండర్‌బర్డ్ రెండు చోట్లా ఐడెంటిటీలో మనమిచ్చిన చిరునామానే రాస్తుంది. లాగిన్ అయిన మనిషికి ఆ చిరునామా మీద హక్కు లేదని తేలితే కొన్ని సర్వర్లు అక్కడికక్కడే 553 అనే సంఖ్యతో తిరస్కరిస్తాయి. అది ఒక రకంగా మేలు, తప్పు వెంటనే తెలిసిపోతుంది.

జీమెయిల్ ఇలా తిరస్కరించదు. జీమెయిల్ సర్వర్ ద్వారా వేరే చిరునామాతో పంపాలని చూస్తే, ఆ చిరునామాను ముందుగా జీమెయిల్ సెట్టింగ్స్‌లోని సెండ్ మెయిల్ యాజ్ దగ్గర చేర్చి ధ్రువీకరించి ఉండాలి. లేకపోతే ఫ్రమ్ వరుసను తీసేసి మన అసలు జీమెయిల్ చిరునామాను పెట్టి పంపేస్తుంది. మనం రాసిన చిరునామా ఎక్స్-గూగుల్-ఒరిజినల్-ఫ్రమ్ అనే హెడర్‌లో, మామూలుగా ఎవరూ చూడని చోట మిగులుతుంది. మన పంపిన మెయిళ్ల ఫోల్డర్‌ను పైపైన చూస్తే ఈ మార్పు తట్టదు. అందుకే కొత్త ఐడెంటిటీ చేర్చిన వెంటనే మీదే అయిన మరో సంస్థ ఖాతాకు ఒక మెయిల్ పంపి, అక్కడ తెరిచి చూడమని గట్టిగా చెబుతున్నాను.

సొంత డొమైన్ ఎలియాస్ వాడేవాళ్లు ఐడెంటిటీ పెట్టెలోనే ఉన్న అవుట్‌గోయింగ్ సర్వర్ వరుసను తప్పకుండా చూసుకోవాలి. ఒకటికి మించి ఖాతాలు ఉన్నప్పుడు ఇక్కడ పొరపాటున వేరే సంస్థ సర్వర్ ఎంపికై ఉండవచ్చు. అలాంటప్పుడు మెయిల్ బయలుదేరినా, అవతలి సర్వర్ ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే మూడు తనిఖీలు చేసి, ఈ డొమైన్ తరఫున పంపే అధికారం ఈ సర్వర్‌కు లేదని తేల్చి స్పామ్‌లో పడేసే ప్రమాదం ఉంది. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ ఈ విషయంలో పట్టు బిగించింది. తమ వాడుకదారులకు పంపే ప్రతివాళ్లకూ ఎస్‌పీఎఫ్ గానీ డీకిమ్ గానీ ఉండాలనీ, రోజుకు 5,000కు మించి పంపేవాళ్లకు రెండూ, వాటితోపాటు డీమార్క్ కూడా ఉండాలనీ నియమం పెట్టింది. మా సంఘం నెలకు రెండు వందల మెయిళ్లు కూడా పంపదు, అయినా ఎస్‌పీఎఫ్, డీకిమ్ రెండూ పెట్టుకున్నాం.

ఇక నా వేసవి పొరపాటు దగ్గరకు వస్తాను. జవాబు రాసేటప్పుడు ఏ ఐడెంటిటీ వాడాలన్నది థండర్‌బర్డ్ తనంతట తానే నిర్ణయిస్తుంది. వచ్చిన మెయిల్ టు, సీసీ వరుసల్లోనూ, ఏ చిరునామాకు చేర్చిందో చెబుతూ సర్వర్ అతికించిన డెలివరీ హెడర్లలోనూ మన ఐడెంటిటీల చిరునామా ఏదైనా ఉందేమో చూస్తుంది. ఉంటే దాన్నే వాడుతుంది, ఇది చాలా చక్కగా పనిచేస్తుంది. నాకు వచ్చిన ఆ మెయిల్‌లో కార్యదర్శి చిరునామా కూడా బీసీసీలోనే ఉంది, పైగా మా సర్వర్ డెలివరీ హెడర్లలో ఆ ఎలియాస్‌ను రాయలేదు. అందువల్ల డిఫాల్ట్‌గా, అంటే ఏదీ సరిపోలనప్పుడు వాడేదిగా, ఉన్న నా సొంత ఐడెంటిటీ వచ్చి కూర్చుంది. తప్పు ప్రోగ్రామ్‌ది కాదు, దానికి తెలుసుకునే దారే లేదు.

దీనికి నేను చేసిన సర్దుబాటు చాలా చిన్నది. మేనేజ్ ఐడెంటిటీస్ జాబితాలో కార్యదర్శి ఐడెంటిటీని ఎంచుకుని సెట్ డిఫాల్ట్ నొక్కాను. ఇప్పుడు సందేహం వచ్చిన ప్రతిసారీ కార్యదర్శి పేరే వస్తుంది, నా సొంత ఉత్తరాలకు మాత్రమే నేను ఫ్రమ్ వరుస మార్చుకుంటాను. ఎక్కడ పొరపాటు జరిగితే ఇతరులకు నష్టమో ఆ చిరునామాను డిఫాల్ట్‌గా పెట్టుకోవాలన్నది నా అభిప్రాయం. దీనితోపాటు ఆ పెట్టెలో డెలివరీ హెడర్లు సరిపోలితే ఈ ఐడెంటిటీ నుంచే జవాబివ్వాలన్న టిక్కు ఒకటి ఉంది. డొమైన్‌లోని ఏ పేరుకు మెయిల్ వచ్చినా తమకే చేరేలా పెట్టుకుని, ఒక్కో దుకాణానికి ఒక్కో చిరునామా ఇచ్చేవాళ్లకు అది బాగా పనికొస్తుంది. నక్షత్రం గుర్తు పక్కన డొమైన్ పేరు రాస్తే, ఏ చిరునామాకు వచ్చిందో ఆ చిరునామాతోనే జవాబు సిద్ధమవుతుంది.

ఒక్కసారికి మాత్రమే వేరే చిరునామా కావాలంటే ఐడెంటిటీ అవసరం లేదు. మెయిల్ రాసే కిటికీలో ఫ్రమ్ జాబితా అడుగున ఉన్న కస్టమైజ్ ఫ్రమ్ అడ్రస్ నొక్కి అక్కడే మార్చుకోవచ్చు. మీ మెయిల్ సంస్థ అనుమతిస్తేనే ఇది పనిచేస్తుందని థండర్‌బర్డ్ అక్కడ ఒక మాట చెబుతుంది. అదే మాట ఐడెంటిటీ పెట్టెలో కూడా చెప్పి ఉంటే ఎంత బాగుండేదో.

2024 అక్టోబరులో వచ్చిన ఆండ్రాయిడ్ థండర్‌బర్డ్‌లోనూ సెండింగ్ మెయిల్ సెట్టింగ్స్ కింద ఐడెంటిటీలు ఉన్నాయి. ఫోన్ నుంచి కూడా జవాబులిచ్చేవాళ్లు అక్కడ వాటిని చేర్చుకున్నారో లేదో చూసుకోవాలి, లేకపోతే కంప్యూటర్‌లో సరిదిద్దిన పొరపాటే ఫోన్‌లో మళ్లీ జరుగుతుంది. మా కోశాధికారి గారి కంప్యూటర్‌లోనూ ఫోన్‌లోనూ నేనే కూర్చుని రెండు ఎలియాస్‌లూ చేర్చి, ఒక్కోదాని నుంచి నాకు ఒక పరీక్ష మెయిల్ పంపించి, ఫ్రమ్ వరుస సరిగ్గా ఉందని చూశాకే లేచాను. వచ్చే ఎన్నికల్లో కొత్త కార్యదర్శి వస్తే, సర్వర్‌లో ఎలియాస్‌ను వారి మెయిల్‌బాక్స్‌కు మళ్లించి, నా దగ్గర ఈ ఐడెంటిటీని డిలీట్ చేస్తాను. దాంతో నేను పంపిన పాత మెయిళ్లు ఒక్కటి కూడా పోవు, సంఘం సభ్యులు రాయవలసిన చిరునామా కూడా మారదు.