ఏరు సముద్రంలో కలిసే చోట ఒక రోజు బడి

శ్రోతలకు నమస్కారం.

తిరుపతి, చంద్రగిరి, శ్రీకాళహస్తి పిల్లలకు స్వర్ణముఖి కొత్త కాదు. తొండవాడ దగ్గర, తిరుచానూరు దగ్గర వంతెన దాటుతూ రోజూ చూసే ఏరే. ఏడాదిలో ఎక్కువ రోజులు అందులో ఇసుకే కనిపిస్తుంది. అది చివరికి ఎక్కడికి పోతుందని అడిగితే బంగాళాఖాతం అని టక్కున చెప్తారు. ఆ కలిసే చోటును కళ్లారా చూసినవాళ్లు మాత్రం తరగతికి ఒకరిద్దరు కూడా ఉండరు. నాయుడుపేట దాటి వాకాడు వైపు వెళ్తే అక్కడికి చేరొచ్చు. తెల్లవారుజామున బయలుదేరితే రాత్రికి ఇల్లు చేరగలిగిన ప్రయాణం. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలను అలా తీసుకెళ్లి, అక్కడి జీవులను వాళ్ల చేతులతోనే లెక్కపెట్టించడం ఎలాగో ఈ పూట మాట్లాడుకుందాం.

ముందుగా ఒక మాట. ఇలాంటి ప్రయాణాలు చెడిపోయేది ఎక్కువగా ఒక్క కారణం వల్లే. బస్సు దొరికిన రోజు, సెలవు కుదిరిన రోజు చూసుకుని బయలుదేరతారు. తీరా వెళ్లేసరికి సముద్రం పోటు మీద ఉంటుంది. బురద మేట అంతా నీళ్ల కింద ఉంటే పిల్లలకు కనిపించేది నీళ్లే. అందుకే ముందు నీళ్ల టైం చూడాలి, ఆ తర్వాతే బస్సు మాట్లాడుకోవాలి.

సముద్రం రోజుకు రెండుసార్లు పోటెత్తి రెండుసార్లు తగ్గుతుంది. నీళ్లు పెరగడం పోటు, తగ్గడం ఆటు. ఒక ఆటుకూ తర్వాతి ఆటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అంటే ఈరోజు పది గంటలకు వచ్చిన ఆటు రేపు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. హైదరాబాద్‌లో సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇన్‌కాయిస్ ఈ వేళలు ముందే ఇస్తుంది. మనకు దగ్గర్లో చెన్నై రేవు పట్టిక ఉంటుంది, అది చూసుకుంటే చాలు. ఆటు పగటిపూట, మీరు అక్కడికి చేరిన రెండు గంటల తర్వాత పడే రోజును ఎంచుకోండి. నీళ్లు తగ్గుతూ ఉండగా పని మొదలుపెట్టి, మళ్లీ తిరగగానే బయటికి వచ్చేయాలి. అమావాస్య, పౌర్ణమి దగ్గర్లో నీళ్లు ఇంకా బాగా తగ్గుతాయి. మన తీరంలో ఆ రోజుల్లో కూడా ఆటుకూ పోటుకూ ఎత్తులో తేడా ఒక మీటరు అటూ ఇటూ మాత్రమే. కానీ మేట చదునుగా ఉంటుంది కాబట్టి నీళ్లు చాలా దూరం వెనక్కి పోతాయి.

ఇక్కడ రెండు చిక్కులున్నాయి. పట్టికలో ఉన్నది సముద్రం ఒడ్డు వేళ. ఏటి లోపలికి పోయేకొద్దీ ఆటు ఆలస్యంగా వస్తుంది. రెండోది ఇంకా పెద్ద చిక్కు. మన తీరంలో ఏర్లు సముద్రంలో కలిసే ముఖద్వారాలు ఇసుక మేట వేసి పూడిపోతుంటాయి. మూసుకుపోతే ఆటూ ఉండదు, పోటూ ఉండదు, నిలవ నీళ్లే. అందుకని రెండు వారాల ముందు ఇద్దరు ఉపాధ్యాయులు వెళ్లి చూసి రావాలి. ఊళ్లో వేటకు పోయేవాళ్లను "అన్నా, మొగ తెరుచుకునుందా? నీళ్లు ఎన్నింటికి తగ్గతాయి?" అని అడిగితే అక్కడికక్కడే చెప్తారు. వాళ్లలో ఒకరిని ఆ రోజుకు కూలి మాట్లాడుకుని వెంట ఉంచుకోండి. ఎక్కడ కాలు దిగబడుతుందో, ఎక్కడ గట్టి నేలో, ఏ బొరియలో ఏముందో అంత బాగా చెప్పగలిగేది వాళ్లే. ఇచ్చే డబ్బు గౌరవంగా ఇవ్వండి.

కాలం విషయానికొస్తే జనవరి, ఫిబ్రవరి మంచివి. ఈశాన్య రుతుపవనాల వానలు తగ్గిపోయి ఉంటాయి, ఏట్లో ఇంకా కాస్త నీరుంటుంది, ఎండ మండదు, వలస పక్షులు ఉంటాయి. అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య వరకు తుపాన్ల భయం, వద్దు.

చాలామంది నేలపట్టు పక్షుల అభయారణ్యం, పులికాట్ సరస్సు, సముద్రం అన్నీ ఒకే రోజులో పెట్టుకుంటారు. దయచేసి అలా చేయకండి. నేలపట్టులో గూళ్లు కట్టే గూడబాతులు మేతకు పులికాట్‌కు పోతాయి. ఆ రెండింటినీ కలిపి చూడాలి, దానికి వేరే రోజు పెట్టుకోండి. పైగా సూళ్లూరుపేట, శ్రీహరికోట రోడ్డు పక్కన పులికాట్ నీళ్లలో ఆటుపోట్లు పెద్దగా తెలియవు. అక్కడ నీళ్లను గాలి తోస్తుంది. ఫ్లెమింగోలకు అది బంగారం లాంటి చోటు, మన పనికి మాత్రం కాదు.

ఇక సామాను. నలభై మంది పిల్లలైతే ఎనిమిది మంది చొప్పున ఐదు జట్లు, జట్టుకొక పెద్దవాళ్లు. ఒక్కో జట్టుకు అర మీటరు చదరపు చట్రం ఒకటి కావాలి. అరంగుళం పీవీసీ పైపు రెండు మీటర్లు, నాలుగు ఎల్బోలు తెచ్చుకుంటే బడిలోనే తయారవుతుంది. ఎల్బోలు తొడిగాక లోపలి అంచు సరిగ్గా 50 సెంటీమీటర్లు వచ్చేలా కొలిచి కోయండి. పైపుకు అక్కడక్కడా బెజ్జాలు పెట్టకపోతే అది నీళ్లలో తేలిపోతుంది. ముప్పై మీటర్ల నైలాన్ తాడుకు ఐదేసి మీటర్లకు ఒక ముడి వేయండి. నాలుగంగుళాల పైపు ముక్క, ఇరవై సెంటీమీటర్లది, మట్టి తీయడానికి. ఒక మిల్లీమీటరు కన్నాల జల్లెడ, తెల్ల ప్లాస్టిక్ ట్రే, తాపీ, భూతద్దం, స్కేలు. రాసుకోవడానికి పెన్సిలే తీసుకోండి, తడి కాగితం మీద బాల్‌పెన్ రాయదు.

ఉప్పు కొలవడానికి రిఫ్రాక్టోమీటర్ ఒకటి చాలు. కొనక్కర్లేదు, ఆ చుట్టుపక్కల రొయ్యల చెరువుల రైతుల దగ్గర ఉంటుంది, అడిగితే ఇస్తారు. వాడే ముందు బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ రెండు చుక్కలు వేసి సున్నా దగ్గర సరిచేయాలి. తర్వాత మన నీళ్లు రెండు చుక్కలు. గాలి బుడగ లేకుండా మూత మూసి అర నిమిషం ఆగి, వెలుతురు వైపు పెట్టి చూస్తే నీలం, తెలుపు కలిసే గీత కనిపిస్తుంది. ఒక నీళ్లకూ ఇంకో నీళ్లకూ మధ్య కడిగి తుడవకపోతే అంకెలన్నీ తప్పుతాయి. సముద్రపు నీటిలో కిలోకు సుమారు 35 గ్రాముల ఉప్పుంటుంది. కోడిగుడ్డు తేల్చి చూపించే ప్రయోగం ఇక్కడ పనికిరాదు. తాజా గుడ్డు సముద్రపు నీళ్లలో కూడా మునుగుతుంది.

దారిలో శ్రీకాళహస్తి దగ్గర ఏట్లో నీళ్లుంటే ఒక సీసా పట్టండి. వాకాడు బ్యారేజీకి పైన ఒకటి, దిగువన ఒకటి, ముఖద్వారం దగ్గర ఒకటి. నాలుగు సీసాల మీదా చోటు, టైం రాసిన చీటీ అంటించండి. ఈ నాలుగు అంకెలూ వరసగా బోర్డు మీద రాస్తే, ఏరు సముద్రంగా మారడం ఎక్కడ మొదలైందో పిల్లలే చెప్తారు.

మేట మీద పని ఇలా. పోటు వచ్చినప్పుడు నీళ్లు తగిలిన గీత, చెత్తా చెదారం పేరుకుని కనిపిస్తుంది. అక్కడ తాడు ఒక కొస పాతి, రెండో కొసను నీటి అంచు వైపు లాగండి. ప్రతి ముడి దగ్గరా చట్రం వేయాలి. బాగా బొరియలున్న చోటు చూసి వేయాలని పిల్లలకు ఉబలాటంగా ఉంటుంది. అలా వేస్తే లెక్కకు విలువ ఉండదు. ముడి ఎక్కడుంటే అక్కడే.

చట్రం వేశాక అందరూ రెండు మీటర్లు వెనక్కి జరిగి, నీడ దాని మీద పడకుండా కూర్చుని, పది నిమిషాలు కదలకుండా చూడాలి. అడుగుల చప్పుడుకు లోపలికి పోయిన ఎండ్రకాయలు ఒక్కొక్కటే పైకి వస్తాయి. వాటిలో ఒక చెయ్యి మాత్రమే ఒళ్లంత పెద్దగా ఉన్నది ఫిడ్లర్ పీత మగది. ఆ పెద్ద కొండితో అది తినలేదు. ఆడదాన్ని పిలవడానికి, పక్క మగదాన్ని బెదిరించడానికి దాన్ని పైకీ కిందికీ ఊపుతుంది. తినడమంతా చిన్న కొండితోనే. ఆడదానికి రెండు కొండ్లూ చిన్నవే కాబట్టి రెండు చేతులా తింటుంది. చిటికెడు బురద తీసి నోట్లో పెట్టుకుని, అందులోని నాచును జల్లించుకుని, మిగిలిన మట్టిని ఆవగింజంత ఉండ చేసి పక్కన పెడుతుంది. బొరియ చుట్టూ అలాంటి తడి ఉండలుంటే లోపల ప్రాణి ఉన్నట్టే. కాబట్టి బొరియలు ఎన్ని, ఉండలున్న బొరియలు ఎన్ని, రెండు లెక్కలు వేరువేరుగా రాయించండి. బొరియల్లో పుల్లలు పెట్టి కెలకనివ్వకండి.

తర్వాత చట్రం పక్కన పైపు ముక్కను పది సెంటీమీటర్లు దించి మట్టి తీయాలి. పైన గోధుమ రంగు, కొంచెం లోతుకు పోతే నలుపు, కుళ్లిన కోడిగుడ్డు వాసన. పిల్లలు ముక్కు మూసుకుని, ఎవరో మురుగు వదిలారంటారు. కాదు. అంత లోతుకు గాలి చేరదు. గాలి లేని చోట బతికే బ్యాక్టీరియా సముద్రపు నీటిలోని సల్ఫేటును వాడుకుని హైడ్రోజన్ సల్ఫైడ్ వదులుతుంది, ఆ వాసన దానిదే. ఆ మట్టిని జల్లెడలో వేసి అక్కడి ఏటి నీళ్లలోనే ఊపాలి. క్యాన్లో తెచ్చిన మంచినీళ్లు పోస్తే పురుగుల ఒళ్లు నీళ్లు పీల్చుకుని ఉబ్బి చచ్చిపోతాయి. చేత్తో రుద్దితే తెగిపోతాయి. మిగిలినదాన్ని ట్రేలో రెండు వేళ్ల లోతు నీళ్లలో పోసి చూడండి. పురుగులు, నత్తలు, గుల్లలు, రొయ్య పిల్లలు అని రకాల వారీగా లెక్క చాలు, పేర్ల కోసం తంటాలు పడొద్దు. పీతనూ రొయ్యనూ ఒకే ట్రేలో వేయకండి, పీత ఊరుకోదు. ఎండకు ట్రే నీళ్లు తొందరగా వేడెక్కుతాయి. అందుకని పది నిమిషాలకు మించి ఉంచకుండా తీసిన చోటే వదలాలి. గవ్వ కూడా బ్యాగులో వేసుకుని రాకూడదు. ఒడ్డున ఆలివ్ రిడ్లే తాబేలు కనిపించినా, చచ్చి పడున్నదైనా సరే, ముట్టుకోవద్దు. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం వాటిని కాపాడుతోంది. అభయారణ్యం హద్దులోకి వెళ్లే పనైతే సూళ్లూరుపేటలోని వన్యప్రాణి విభాగం అటవీ అధికారి అనుమతి ముందే తీసుకోండి.

భద్రత విషయంలో మొహమాటం వద్దు. మోకాలు దాటిన నీళ్లలోకి ఎవరూ దిగకూడదు. సముద్రం కలిసే పాయలోకి అసలే వద్దు, ఆటు వేళ అక్కడ లాగుడు బలంగా ఉంటుంది. హవాయి చెప్పులు బురదలో ఊడిపోతాయి, గమ్‌బూట్లలోకి బురద నిండి కాలు రాదు. పాత కాన్వాస్ బూట్లు లేసు గట్టిగా కట్టుకుంటే మేలు. ఆలిచిప్పలు కాలు కోస్తాయి కాబట్టి ఒట్టికాళ్లతో నడవొద్దు. ఎవరైనా ఊబిలో దిగబడితే ఒక కాలు లాగబోతే రెండోది దిగిపోతుంది. వెనక్కి కూర్చుని బరువు పరచుకుని, మెల్లగా ఒక్కో కాలూ వదులు చేసుకోవాలి. జెల్ల ముల్లు గాని, తోకలో విషపు ముల్లుండే టేకు చేప ముల్లు గాని గుచ్చుకుంటే, చెయ్యి పెట్టి ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో ఆ భాగం ఉంచితే నొప్పి తగ్గుతుంది. ఆ వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఫ్లాస్కులో వేడినీళ్లు అందుకే.

మనిషికి రెండు లీటర్ల తాగేనీళ్లు, టోపీ, ఒక జత మార్పు బట్టలు. కాళ్లూ చేతులూ కడుక్కోవడానికి ఇరవై లీటర్ల క్యాన్లు ఆరు. పులిహోర పొట్లాలు చేతులు సబ్బుతో కడుక్కున్నాకే విప్పాలి. ఒడ్డున మరుగుదొడ్లు ఉంటాయనుకోకండి. దగ్గరి ఊరి బడి ప్రధానోపాధ్యాయులతో ముందే మాట్లాడి అక్కడ ఏర్పాటు చేసుకోండి. ఇది కుదరక ఆడపిల్లలు పొద్దున్నుంచి నీళ్లు తాగకుండా ఉండిపోతే ఎండకు కళ్లు తిరిగి పడిపోతారు. బస్సును తారు రోడ్డు మీదే ఆపించండి, ఇసుకలోకి దిగితే ట్రాక్టరు పిలవాల్సి వస్తుంది.

మర్నాడు తరగతిలో, ఒడ్డు నుంచి దూరం అడుగు గీత మీద, బొరియల సంఖ్య నిలువు గీత మీద పెట్టి ఐదు జట్ల లెక్కలూ ఒకే గ్రాఫులో గీయించండి. జట్లకు అంకెలు తేడా వస్తే దిద్దకండి, ఎందుకొచ్చిందో వాళ్లనే వాదించుకోనివ్వండి. జల్లెడలు, రిఫ్రాక్టోమీటర్ మంచినీళ్లతో కడిగి ఆరబెట్టండి, ఉప్పు వారంలో తుప్పు పట్టిస్తుంది. గ్రాఫు నకలు ఒకటి మీకు చోటిచ్చిన ఆ ఊరి బడికి పంపించండి. వచ్చే ఏడాది అదే తాడు, అదే చోట, అదే నెలలో వేస్తే పోల్చుకోవడానికి మొదటి లెక్క వాళ్ల దగ్గరా మీ దగ్గరా ఉంటుంది.

నమస్కారం.