రాముడికి తెలుసా తెలీదా? (‘దిద్దుబాటు’ ఎపిసోడ్)

కిషోర్: ఆఁ, రికార్డ్ అవుతోంది. ఈవారం కథలో పాత్ర, ఉత్కంఠ. గురజాడ ‘దిద్దుబాటు’, 1910లో ఆంధ్రభారతి పత్రికలో వచ్చింది. ముగింపు తెలీనివాళ్ళు ఇక్కడ ఆపేసి చదివొచ్చేయండి, చిన్న కథే. పాత్రల మీద పాయింట్లు రాసుకొచ్చా...

వాణి: గడియారం!

కిషోర్: అప్పుడేనా అక్కా!

వాణి: మొదలే అది కదరా. రాత్రి ఆలస్యంగా ఇంటికొచ్చిన గోపాలరావు తలుపు తలుపు అంటాడు, ఎవరూ తియ్యరు, ఒంటిగంట కొడుతుంది. ఆయన ఎలాంటివాడో అక్కడే సగం తెలిసిపోయింది.

కిషోర్: నాకు అగ్గిపుల్ల. చీకట్లో తడుముకుని గీస్తాడు, మంచం మీద భార్య కమలిని లేదు, పుల్ల చేతిలోంచి జారిపోతుంది, మళ్ళీ చీకటి. ఆయన చూసిందే మనమూ చూస్తాం, ఆయనకి తెలీనిది మనకీ తెలీదు, ఉత్కంఠంతా అందులోనే ఉంది.

వాణి: కానీ ఆవిడెక్కడుందో నౌకరు రాముడికి తెలుసు.

కిషోర్: మళ్ళీ మొదలెట్టావా నువ్వు.

వాణి: విను. దుద్దుల మధ్య ఉత్తరం పెట్టింది, తను మంచం కింద దాక్కుంది, అంత ప్లాన్ వేసినావిడ రాముణ్ణి వదిలేస్తుందా? పుట్టింటికెళ్ళిందా అని ఆయన అనడమే ఆలస్యం, వీడు అదే అయ్యుంటుందన్నట్టు మాట్లాడేస్తాడు.

కిషోర్: ఉత్తరంలో ‘ప్రియా’ పోయి ‘అయ్యా’ వచ్చిందని ఆయన ఏడుస్తుంటే, పెయ్య పోయిందా బాబూ అంటాడక్కా! అది నటనా?

వాణి: నటనే, అందుకే అంత బాగుంది!

కిషోర్: అయితే ఆ దెబ్బో? రాముణ్ణి కొడతాడు కదా. తెలిసి కూడా నోరు మూసుకుని దెబ్బ తిన్నాడా? ఆవిడేమో మంచం కింద వింటూ ఊరుకుందా? నీ లెక్కలో కమలిని నాకు నచ్చట్లేదు.

వాణి: ...ఊఁ. అది నేను ఆలోచించలేదు.

కిషోర్: తెలీదంటేనే కథ నిలబడుతుంది. గదిలో రాముడు తప్ప ఎవరూ లేరనుకున్నాడు కాబట్టే ఆయన నోట్లోంచి నిజం వచ్చింది, చదువుకున్న ఆడదాని గొప్పతనం గురించి అంత మాట్లాడాడు. అదంతా ఆవిడ వింది. కథ మొత్తంలో కమలినివి ఒక ఉత్తరం, చివర్లో ఆ నవ్వూ గాజుల చప్పుడూ, అంతే, అయినా మనకి గుర్తుండేది ఆవిడే.

వాణి: అదొప్పుకుంటా. కానీ టైం చూడు, రాత్రి ఒంటిగంటకి నౌకరు అంత తెలివిగా...

కిషోర్: గడియారం వదులక్కా! నా పాయింట్లు డిస్క్రిప్షన్‌లో పెట్టేస్తా, ఇంక టైం లేదు.

వాణి: దెబ్బ దగ్గర ఒక్కసారి చదువుదాం, ఉండు, పేజీ తీస్తున్నా...

కిషోర్: తియ్యి, నేనూ చూస్తా.